ఆర్విడ్ చేతి తూటాలు

ఒంటికన్ను మనిషి తూటాల పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇది నాకు వదిలెయ్యమ్మా."

మార్లిస్ పెట్టెను లాక్కుంది. "తూటాల ప్రెస్సు కొన్నది నేను. పెట్టె దాంతో ఊరికే వచ్చింది. మధ్యలో నువ్వెవరు?"

ముసలి ఆర్విడ్ పోయాక ఆయన కొట్టంలోని సామాను అమ్మకానికి పెట్టారు. మోంటానాలోని ఆ లోయ జనమంతా అక్కడే ఉన్నారు. ఇంట్లో తూటాలు చేసుకునే ప్రెస్సులు రెండున్నాయి. ఒకటి పాత ఇనప ముద్ద, ఒక్కొక్క తూటా ఒక్కొక్కసారిగా చెయ్యాలి. రెండోది తిరిగే పళ్లెం ఉన్నది, మీట లాగినప్పుడల్లా ఒక తూటా దొర్లిపడుతుంది. ఒక్కొక్కటిగా చేసే ఓపిక ఎవరికుంది? మార్లిస్ తిరిగేదే పట్టుకుంది. దాని కిందే దొరికింది ఆ పెట్టె. ప్రతి తూటా అడుగునా ఎర్ర చుక్క. పెళ్లాం గోళ్లరంగుతో ఆర్విడ్ పెట్టుకునే గుర్తు అది. తన కూతురు బ్రిట్ తొలి వేటకి అంతకన్నా ఏం కావాలి!

"పాత ప్రెస్సు తీసుకో," అతను వదల్లేదు. కన్ను లేని వైపు ముఖమంతా ముడతలు పడి బిగుసుకుపోయింది. "ఒక్కో తూటా గొట్టంలోకీ తొంగి చూసి తుపాకీ మందెంత పడిందో చూసుకోవచ్చు. ఆ తిరిగేదాంట్లో చెయ్యి తడబడితే రెట్టింపు మందు పడుతుంది. పైకి తెలీదు. తుపాకీ కాల్చినవాడి ముఖం మీదే పేలుతుంది."

"ఒంటికన్నుతో నువ్వా నాకు చూపు నేర్పేది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఆ తూటాలు మాత్రం పిల్లకివ్వకు. ఒకరు చేసిన తూటా ఇంకొకరు కాల్చకూడదంటారు కదా."

"ఆర్విడ్ తూటాకి ఆ పట్టింపు లేదయ్యా. ఈ లోయలో ఎవర్నైనా అడుగు. కాల్చకూడదంటున్నావే, ఎందుకో చెప్పు!"

అతను నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఇంటి దారి సగానికొచ్చాక మార్లిస్ తన బండి అద్దంలో చూసింది. వెనక పాత పికప్పు ట్రక్కు. అతనే.

మొగుడు ఉత్తరాన చమురు బావుల దగ్గరున్నాడు. ఇంట్లో తనూ, బ్రిట్టూ. చుట్టుపక్కల ఇల్లన్నది లేదు.

గేటు దగ్గర పికప్పు ఆగింది. అతను దిగలేదు, పోలేదు.

మార్లిస్ పెట్టెను బల్ల మీద పడేసి వెనక తలుపు గడియ పెట్టింది. కిటికీలు మూసింది. మెట్లెక్కి పై గదిలోని తుపాకీ తెచ్చుకుంది. గబగబా గుళ్లు నింపింది.

"బ్రిట్! కిటికీ దగ్గరికి రాకు!"

పలుకు లేదు.

బల్ల మీద పెట్టె లేదు. గోడకున్న బ్రిట్ రైఫిలూ లేదు. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఓరి దేవుడా!"

బయటికి పరుగెత్తింది. గడ్డిమోపు మీద రైఫిల్ ఆనించి, చెంప దానికి చేర్చి, గురి చూస్తోంది బ్రిట్. రేపటి వేటకి గురి సరిచూసుకోవాలని పొద్దుట్నుంచీ ఒకటే గోల. అతను కంచె దూకి పిల్ల వైపే పరుగెడుతున్నాడు.

"ఆగు తల్లీ! కాల్చకు!"

మీద పడి రైఫిల్ లాక్కున్నాడు. పిల్ల కెవ్వుమంది.

"వదులు!" మార్లిస్ తుపాకీ ఎత్తింది. "నా పిల్లని ముట్టుకుంటే చంపేస్తా! దేవుడి మీద ఒట్టు!"

అతను మెల్లగా బోల్టు లాగాడు. లోపలి తూటా గడ్డిలో పడింది. దాన్ని తీసి పెట్టెలో వేసుకుని, రైఫిల్ కింద పెట్టాడు.

"కాల్చాలనుంటే కాల్చమ్మా. పెట్టె మాత్రం ఇవ్వను."

"దొంగవెధవా! పిచ్చివాడివా నువ్వు?"

జేబులోంచి ఏదో తీసి కాసేపు చూసుకున్నాడు. దాన్ని బ్రిట్ గుప్పిట్లో పెట్టి, చెవిలో ఏదో చెప్పి, పెట్టె చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. అతని వీపు మీదే తుపాకీ నిలిపి ఉంచింది మార్లిస్. పికప్పు కనుమరుగయ్యాక గానీ ఆమె వేలు మీట మీంచి ఊడిరాలేదు.

షెరిఫ్‌కి ఫోన్ చెయ్యబోయి, ముందు ఆర్విడ్ భార్య బెర్నిస్‌కి చేసింది. ఆ వెధవ పేరైనా తెలియాలిగా.

"ఒంటికన్నా? అయ్యో, వాడు మా ఎల్డెన్, అమ్మా! నా కొడుకే. నువ్వు ఈ లోయకి కోడలివై రాకముందే ఊరొదిలాడు. ఇవాళే వచ్చి, నాన్న తూటాలేమైనా మిగిలాయా అని ఒకటే వెతుకులాట."

"కన్ను... ఎలా పోయింది?"

"కొట్లో కొన్న తూటా ముఖం మీదే పేలిందన్నాడమ్మా. మా ఆయన ఆ తిరిగే ప్రెస్సు కొన్న ఏడాదే. కొడుక్కి అలా అయ్యాక ఆయన మళ్లీ ప్రెస్సు ముట్టలేదు. వాడు మాత్రం ఇంట్లో ఉన్న నాన్న తూటాలన్నీ ఏరుకుని పట్టుకుపోయాడు. నాన్న చేసినవైతే అలా పేలవు, నాకే కావాలి అన్నాడు. ఆ మాట తలుచుకుని మురుస్తూనే కన్ను మూశాడు మా ఆయన."

మార్లిస్ ఫోన్ పక్కన పెట్టింది.

"ఏం చెప్పాడే నీ చెవిలో?"

"మీ అమ్మకి చూపించు, ఇంకెవరికీ వద్దు, మా అమ్మకి అసలే వద్దు అన్నాడు."

బ్రిట్ గుప్పిట విప్పింది. ఎప్పుడో పేలి, నిలువునా చీలి, నల్లబడిన తూటా గొట్టం.

మార్లిస్ దాన్ని తిరగేసింది. అడుగున, మసిలో సగం మిగిలి, ఆర్విడ్ పెట్టిన ఎర్ర చుక్క ఉంది.