మాటకి కావలసిన స్పీడు

"అమ్మా, నువ్వు నాకు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నావు."

కూతురి దగ్గర్నుంచి మళ్ళీ అదే మెసేజ్.

ఫోన్ తెర మీద కూతురు మాత్రం శుభ్రంగానే కనిపిస్తోంది. ఆస్పత్రి మంచం, ఆకుపచ్చ గౌను, కుడిచేతికి సెలైన్. తెల్లవారుతూనే హాస్టల్లో కడుపునొప్పి మొదలైంది. అపెండిక్స్ అన్నారు. వెంటనే ఆపరేషన్ అన్నారు. తండ్రి బస్సులో ఉన్నాడు. చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది.

ఇంకో మెసేజ్. ఎడమచేత్తో కొట్టినట్టుంది, అక్షరానికో తప్పు.

"ఇక్కడ అందరూ మాస్కులు వేసుకున్నారు. భయమేస్తోంది. కాసేపట్లో ఫోన్ తీసేసుకుంటారట."

ఆమె హాల్లోకి పరిగెత్తింది. టీవీలో మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఉంది.

"మామయ్యా, టీవీ..."

మాట పూర్తికాకముందే మామగారు రిమోట్ నొక్కేశారు. "పాపేమంటోందమ్మా?"

"నేను కనపడటం లేదంటోంది."

పక్కగదిలో ఆడపడుచు ఆఫీసు మీటింగులో ఉంది. వదినని చూడగానే చెవిలోంచి తీగ లాగేసింది. "నా కెమెరా ఎప్పుడో ఆపేశా వదినా. మా మేనేజర్‌కి నా గొంతు చాలు. మొహం కనిపిస్తే ఇంకో పని అంటగడతాడు."

టీవీ ఆగింది, కెమెరా ఆగింది. కూతురి ఫోన్లో తన బొమ్మ మాత్రం కదల్లేదు. ఫోన్లో వైఫై ఆపి, మళ్ళీ పెట్టి, రౌటర్ పచ్చ దీపాల ముందే నిలబడింది. లాభం లేదు. ఫోన్ డేటాతో చూద్దామని బాల్కనీలోకి వెళితే గిరగిరా తిరిగే చక్రం తప్ప ఇంకేం కనపడలేదు.

"అమ్మా, నువ్వు అలాగే ఆగిపోయావు."

ఆమె తలెత్తి పైకప్పు వంక చూసింది. కనెక్షన్ పై వాటాకీ తమకీ కలిపి ఒక్కటే.

ఫోన్ ఆడపడుచు చేతిలో పెట్టి మెట్లెక్కింది.

పై వాటా కుర్రాడు వీడియోలు ఎడిట్ చేస్తాడు. కొత్తగా దిగాడు. సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది.

"బాబూ, ఏదైనా డౌన్‌లోడ్ చేస్తున్నావా?"

"లేదాంటీ, అప్‌లోడ్. క్లయింటుకి వీడియో పంపుతున్నా. ముప్పావు వంతు వెళ్ళింది."

"కాసేపు ఆపుతావా? మా అమ్మాయితో వీడియో కాల్. అది నాకు కనిపిస్తోంది. నేనే దానికి కనపడటం లేదు."

"అదా సంగతి!" కుర్రాడు నవ్వాడు. "రావడానికి బోలెడు స్పీడిస్తారు, పంపడానికి బొట్టు బొట్టు విదిలిస్తారు. ఆ బొట్టు కాస్తా నా వీడియో తాగేస్తోంది. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదట్నుంచి పంపుకోవాలాంటీ."

"దాన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు బాబూ."

కుర్రాడి నవ్వు ఆగిపోయింది. "అయ్యో. మరి కెమెరా ఆపేసి మాట్లాడండి! సినిమాకైతే అయిదు ఎంబీ స్పీడు కావాలి. వీడియో కాల్‌కి రెండు. ఉత్త మాటకి అందులో పిసరంత చాలు. నా అప్‌లోడ్ మధ్యలోంచి దూరిపోతుంది."

"చాలదు."

"ఎందుకు చాలదు? వాళ్ళమ్మ ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలియదా ఏంటి? ఇలాంటప్పుడు గొంతే ముఖ్యమాంటీ. కళ్ళు మూసుకుని పడుకున్నా వినపడుతుంది."

ఆమె గుమ్మం పట్టుకుని ముందుకి వంగింది. మొహం చూస్తే, ఇంకొక్క మాటంటే లోపలికొచ్చి తీగే పీకేసేలా ఉంది.

"సరే సరే, ఆపుతున్నా." మూతి ముడుచుకుని మౌస్ నొక్కాడు. "కానీ త్వరగా కానివ్వండి."

ఆ మాట వినేసరికే ఆమె సగం మెట్లు దిగేసింది.

కింద ఆడపడుచు బల్ల మీద నీళ్ళ జగ్గుకి ఫోన్ ఆనించి పెట్టింది. ఎదుటి గోడకున్న బొమ్మల క్యాలెండర్ తీసి మంచం కింద పడేసింది. మామగారు కిటికీ పరదా బర్రున పక్కకి లాగారు. వెలుతురు వచ్చి ఆ గోడ మీద పడింది.

"ఇక్కడ నిలబడు వదినా. ఇంకొంచెం వెనక్కి. ఆఁ, అంతే."

ఆమె నిలబడింది. పైట బిగించి నడుముకి దోపుకుంది. ఆయాసం తీరలేదు.

తెర మీద, మంచం పక్కనుంచి తొడుగు వేసుకున్న చెయ్యొకటి ఫోన్ కోసం ముందుకొచ్చింది. కూతురు తల అడ్డంగా ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. అమ్మ బొమ్మ అందింది.

వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. పై వాటా కుర్రాడు. వీడియో మళ్ళీ మొదలెట్టుకోవచ్చేమో కనుక్కుందామని దిగొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇల్లంతా నిశ్శబ్దం. మామగారు నిలబడి ఉన్నారు. ఆడపడుచు నిలబడి ఉంది. ఎవరి నోటా మాట లేదు.

కుర్రాడికి ఒళ్ళు మండింది.

"ఇంత హడావుడి చేసి ఆంటీ ఒక్క మాటా మాట్లాడరేం?" అన్నాడు ఆడపడుచుతో గుసగుసగా. "మ్యూట్‌లో ఉందేమో చూడండి."

ఆడపడుచు అతని భుజం పట్టుకుని వదిన వైపు తిప్పింది.

పుట్టిన దగ్గర్నుంచీ ఏ శబ్దమూ వినని కూతురితో ఆమె అప్పటికే రెండు చేతులా మాట్లాడుతోంది.