నాయిన చివర

“ముందు నేను చెప్త మేడం,” అంటూ భిక్షపతి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

నకిరేకల్ కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సిలర్ నవనీత తలూపింది.

అరగంట చెప్పాడు. కూతురు సుహాసిని రెండుసార్లు ఇంట్లోంచి పారిపోవడం, పోయిన పరువు, తల్లి లేని పిల్లకి తాను చేసిన గారాబం.

సుహాసిని నేల చూస్తూ కూర్చుంది. తన వంతు వచ్చాక, “ఏం లేదు,” అంది.

మూల కుర్చీలో పెద్దాయన దగ్గాడు. పేరు ముజఫ్ఫర్. కొత్త పద్ధతి సరిగ్గా అమలవుతోందో లేదో చూడమని సంస్థ పంపిన మనిషి.

తండ్రీకూతుళ్లు వెళ్లాక అన్నాడు. “పిల్ల ముందు మాట్లాడాలె, నాయిన చివర. వరుస మారింది మేడం.”

“ట్రైనింగ్‌ల నాకూ చెప్పిన్రు సాబ్. ఈ పద్ధతి వందల ఇండ్లల్ల పనిచేసిందని గూడ చెప్పిన్రు. ఈడ ఇంటి పెద్దను ఆగమంటే లేచి బయటికి పోతడు.”

“ఆయన పోతే మళ్ల పిలుస్తం. పిల్ల పోతే యాడ పిలుస్తం?”

నవనీతకు ఒళ్లు మండింది. నల్లగొండలో ఉన్న పై అధికారి కృష్ణకాంత్‌కు ఫోన్ చేసింది.

“ఆయనను మార్చుండ్రి సార్. మూలకు కూసొని తప్పులు ఎంచుతుండు. ఇండ్లల్ల బాధ ఆఫీసోళ్లకు ఏం తెలుస్తది?”

“సరే. వచ్చే వారం నుంచి అచ్చంపేటకు పంపుత.”

మర్నాడే సుహాసిని మళ్లీ పారిపోయింది. పోలీసులు సూర్యాపేట బస్టాండులో పట్టుకుని కేంద్రానికి తెచ్చారు.

ఇక ఇదే ఆఖరి అవకాశం. ఇవాళ మాట కుదరకపోతే పిల్ల బాలికల సదనానికి పోతుంది.

“పంపుండ్రి,” అన్నాడు భిక్షపతి. “గని ముందు నేను చెప్పేది ఇనుండ్రి.”

ముజఫ్ఫర్ లేచి వచ్చి అతని చేతిలో చాయ్ గ్లాసు పెట్టాడు. “జర చాయ్ తాగు భాయ్. బిడ్డను చెప్పనీ.”

“నేను దాని నాయినను.”

“గందుకే చివర.”

చూడటానికి వచ్చిన మనిషి నడుమ దూరడమేమిటి? నవనీత నోరు తెరవబోయింది.

సుహాసిని ముందే తెరిచింది.

“అమ్మ పోయినంక నాయిన నాతోని మాట్లాడుడే బంద్ చేసిండు. దుకాణం, అన్నం, ఫోను. నేను పోతెనే నా పేరు పట్టుకొని ఊరంత తిరుగుతడు.”

భిక్షపతి చేతిలో చాయ్ చల్లారిపోయింది.

అతని వంతు వచ్చింది. అరగంట మాట్లాడే మనిషి గ్లాసు కింద పెట్టి కూతురి వైపు తిరిగాడు.

“ఇంటికి పోదాం పా బిడ్డా,” అన్నాడు చివరికి. “ఇయ్యాల కూర నేను వండుత. ముచ్చట పెట్టుకుందాం.”

“నీ కూర నేను తినలేను గని, ముచ్చట పెట్టు,” అంది సుహాసిని. కళ్లు తుడుచుకుంటూనే లేచింది.

నెల గడిచింది. సుహాసిని కాలేజీకి పోతోంది, సాయంత్రం ఇంటికే వస్తోంది. నవనీత ఇప్పుడు ఏ ఇంటివాళ్లొచ్చినా పిల్లలతోనే మొదలుపెడుతోంది.

కృష్ణకాంత్‌కు మళ్లీ ఫోన్ చేసింది. “ముజఫ్ఫర్ సాబ్‌ను ఈడికే పంపుండ్రి సార్. మాఫీ అడగాలె.”

“రాడమ్మా. అచ్చంపేట దిక్కు ఇంకా మస్తు ఇండ్లున్నయంటుండు.”

“అంత అనుభవమున్న ఆఫీసరును పట్టుకొని నేను...”

“ఆఫీసరని ఎవరు చెప్పిన్రు?” కృష్ణకాంత్ గొంతు తగ్గింది. “మహబూబ్‌నగర్‌ల ఈ పద్ధతి మొదలుపెట్టిన కొత్తల, నేను గూడ నీ లెక్కనే ఒక ఇంట్ల వరుస మార్చిన. ఆ ఇంట్లకెల్లి పోయిన పిల్ల ఇంకా దొరకలే. ఆనాడు ముందు మాట్లాడిన నాయిన ముజఫ్ఫర్.”