తాళం పడ్డ ఇళ్ల లెక్క

ఒకటి, బస్వరాజ్ కొట్లో లేని పూట చూసుకోవాలి. రెండు, అక్కడ పనిచేసే భాగ్యను పది నిమిషాలు బయటికి పంపాలి. మూడు, మూల కంప్యూటర్ పాస్‌వర్డ్ సంపాదించాలి. నాలుగు, ఓసారి బస్వరాజ్ భుజం మీదుగా కంటపడ్డ ‘కంది’ అనే ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. ఐదు, ఏం జరిగినా ముఖాన చెమట పట్టకూడదు.

తిమోతి ఈ ఐదూ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాడు. కంఠతా పట్టాడు. తర్వాత ఆ పేజీ చింపి, నమిలి మింగేశాడు. దొంగతనం అతనికి కొత్త.

మంగళవారంలోగా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇవ్వకపోతే ఏడాది పోతుంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది అతనొక్కడే. కంగ్టి మండలంలో నూట అరవై ఇళ్లు తిరిగి కంది దిగుబడి వివరాలు రాసుకొచ్చాడు. రెండోసారి వెళ్లేసరికి నలభై ఒక్క ఇళ్లకు తాళాలు. మనుషులు పనులకు వలసపోయారు. కాలేజీలో నేర్చిన ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితమే, మంచిదే. కానీ అతనికి తెలిసిన పద్ధతిలో, వివరాల్లో ఖాళీ ఉన్న ఇంటిని అది పక్కకు తోసేస్తోంది. “వలసపోయినోళ్లను తీసేస్తే ఇగ కంగ్టి ఏం మిగిలిందయ్యా” అని గైడ్ రెండుసార్లు తిప్పి పంపాడు.

తాళం పడ్డ ఇళ్లను కూడా లెక్కలోకి తెచ్చే ప్యాకేజీ, అంటే ఆర్‌కు తగిలించుకునే అదనపు పనిముట్టు, నారాయణఖేడ్ మొత్తమ్మీద బస్టాండ్ ఎదుట నెట్ సెంటర్ నడిపే బస్వరాజ్ దగ్గరే ఉంది. జర్మనీ నుంచి తెప్పించానంటాడు. ఫలితం కాగితం మీద ఇస్తాడే తప్ప, తెర ఎవరినీ చూడనివ్వడు. అతను దాన్ని తెరుస్తుండగా తిమోతి కంటపడింది ఆ ‘కంది’ ఫోల్డర్ పేరొక్కటే.

“నీది ఇరవై మూడో నంబర్. దసరా అయినంక రా పో” అన్నాడు తిమోతితో. పక్కనే దరఖాస్తులు టైపు చేస్తున్న భాగ్య వైపు తిరిగి, “గా సిస్టం ముచ్చట ఎవలడిగినా నోరు తెరవకు. తెరిస్తే రేపటి నుంచి రాకు” అన్నాడు.

ఆదివారం చర్చిలో వాక్యం నోవహు ఓడ మీద. దొంగతనం మీద కానందుకు తిమోతి దేవుడికి స్తోత్రం చెప్పుకుని, ఆరాధన కాగానే కొట్టుకు నడిచాడు.

“ఏంది తమ్మీ, ఐతారం గూడ వస్తివి? సర్ లేడు. బోరంచకు మొక్కు తీర్చుకోను పోయిండు” అంది భాగ్య.

ఒకటి అయిపోయింది. తిమోతి లోపలికొచ్చాడు. “ఆదాయం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలె అక్కా.”

“పొద్దుగాల నుంచి వేళ్లు గుంజుతున్నయ్. నువ్వే కొట్టుకో. ఈ సిస్టం సతాయిస్తుంది, గా మూలకున్నదాని మీద కూసో.”

“దానికి పాస్‌వర్డ్ ఉంటది గదా?”

“సర్ బండి నంబరే. గదే పెద్ద తెలివనుకుంటడు.”

ఆ నంబరు కోసం రెండు నెలలు ఆగి మరీ బండి కొన్నానని బస్వరాజ్ ఊరంతా చెప్పుకున్నవాడే. మూడు కూడా అయిపోయింది. ఇంత సులువుగా కూపీ లాగగలనని తిమోతి తన గురించి ఎన్నడూ అనుకోలేదు.

భాగ్య చెప్పులు తొడుక్కుంది. “జిరాక్స్ కాగితాలు అయిపోయినయ్. తెచ్చేసరికి అరగంట పడ్తది, కొట్టు చూస్తుండు. ఎవలన్నా ఫొటోలు ప్రింట్ తీయించుకోను వస్తే, పెన్‌డ్రైవ్ సిస్టం వెనక పెట్టాలె. ముందటిది పనిచేయది.”

తిమోతి బండి నంబరు కొట్టి, తన పెన్‌డ్రైవ్ వెనక పెట్టి, ‘కంది’ని దించడం మొదలుపెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా నిండుతోంది. సగంలో ఉండగా మనూర్ నుంచి వచ్చిన భూమన్న అనే ముసలాయన లోపలికి తొంగిచూశాడు.

“గా పచ్చగ నిండుతున్నదేంది బిడ్డా?”

“దరఖాస్తు, పెద్దనాయనా.”

“మంచిగ నిండుతుంది. నాది గూడ గట్లనే నింపు.”

ఆయన పింఛను కాగితం నింపి పంపేసరికి భాగ్య రానే వచ్చింది. పెన్‌డ్రైవ్ అప్పటికే తిమోతి సాక్సులో ఉంది.

“గంత చెమటేంది తమ్మీ? ఫ్యాన్ వేసుకోకపోయినవా?” అంది.

ఐదోది ఒక్కటే తప్పింది.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి ప్యాకేజీని తగిలించాడు. తెర మీద మొదట ఏవో నాలుగు వరుసలు పడ్డాయి. వాటిని చూసే తీరిక లేదు. గంటలో నలభై ఒక్క ఇళ్లూ లెక్కలో కూర్చున్నాయి. తిమోతి లేచి గదిలో రెండు చుట్లు ఎగిరాడు.

“ఏమైందిరా, తేలు కుట్టిందా?” అంది తల్లి గ్రేసమ్మ వంటింట్లోంచి.

“పాసయినట్టే అమ్మా.”

ప్రాజెక్టు చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. వాడిన ప్యాకేజీ ఏదో, ఎవరిదో అక్కడ రాయాలి. రాయకపోతే గైడ్ తీసుకోడు. రాస్తే బస్వరాజ్ చేతికి దొంగ దొరికినట్టే. ఏదైతే అదయిందని, ఆ జర్మనీ పేరు కోసం తెరను పైకి జరిపి, ఇందాకటి వరుసల దగ్గర ఆపాడు.

అవి తెలుగులో ఉన్నాయి.

“ఈ ప్యాకేజీ ఎవరి సొత్తూ కాదు. కాపీ చేసుకోండి, నలుగురికీ పంచండి, తప్పులుంటే దిద్దండి.”

తిమోతికి నవ్వాగలేదు. అడిగితే ఊరికే దొరికేదాని కోసం కాగితం నమిలి మింగాడు, సాక్సులో దాచుకుని ఊరంతా కుంటుతూ నడిచాడు. కళ్లు తుడుచుకుని ఆఖరి వరుస చదివాడు.

“దీనితో మీ పని తీరితే, రాసిన నన్ను ఒక్కసారి గుర్తు చేసుకోండి: భాగ్య, దరఖాస్తులు టైపు చేసే ఆమె, బస్టాండ్ ఎదుట, నారాయణఖేడ్.”