ఇంకో గంట ఆగమ్మా

“ఆయన నిజంగా ఉన్నాడంటావా?” అంది అమ్మడు, తువ్వాల్లో చుట్టిన ఫ్రేమును ఒళ్లో సర్దుకుంటూ.

హోప్ టౌన్ వెళ్లే ఫెర్రీలో ఆమె పక్కన కూర్చున్న గోవిందు నవ్వాడు. “రోజూ ఆయన గొంతు వింటున్నాం కదా దీదీ. భూత్ వాయిస్ మెసేజ్ పెడతాదా?”

అండమాన్‌లో ఫొటోలు తీసే తెలుగువాళ్ల కోసం గోవిందు రెండేళ్ల కిందట ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. నూటనలభై మంది చేరారు. ఎవరేం పెట్టినా అందరిదీ ఒకటే మాట, ‘సూపర్’. దాని పక్కన దండం పెట్టే చేతులు, ఒక గులాబీ. డెయిరీ ఫార్మ్ అనే పేటలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియోలో పనిచేసే అమ్మడుకి అలాంటి సూపర్లు వెయ్యి దాటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా జరిగే ప్రదర్శనకి పంపితే మాత్రం ఆమె ఫొటో రెండుసార్లూ తిరిగొచ్చింది. లోపం ఎక్కడుందో చెప్పిన పాపాన ఒక్కరూ పోలేదు. మూడోసారీ ఇంతే అయితే కెమెరా అన్నయ్యకి ఇచ్చేసి, ఇక ఆ ఊసే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గ్రూపులోకి వచ్చాడు జోగులు తాత. హోప్ టౌన్ మనిషని తెలుసు గానీ, ఆయన ముఖం చూసినవాళ్లు లేరు. టైపు చెయ్యడు, మాట్లాడి పంపుతాడు.

అమ్మడు వండూర్ జెట్టీ ఫొటో పెట్టి “ఎలాగుంది?” అని అడిగిన రోజున, సూపర్ల మధ్య ఆ గొంతొక్కటే వేరుగా పలికింది. “పోటు సాల్నేదమ్మా. ఇంకో గంట ఆగు, నిండుతాది.”

అమ్మడుకి ఒళ్లు మండింది. అయినా మర్నాడు వెళ్లి ఇంకో గంట ఆగింది. బురదంతా నీళ్ల కిందికి పోయింది, ఎండ పచ్చబడింది, ఫొటో నిజంగానే నిండింది.

“ఇప్పుడు నయం,” అన్నాడు తాత. “ఇటేపు నుంచి ఏటీ తెలట్లేదు. పక్కకి జరిగి, జెట్టీ స్తంభాల మీద తడిగీత కనపడేలాగ సూపించు.”

ఎక్కడ నిలబడాలో అమ్మడుకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. పక్కకి జరిగింది. స్తంభాలు వరుసగా నడిచి సముద్రంలోకి దిగుతున్నట్టు కనిపించాయి.

తాత ఎవర్నీ వదల్లేదు. గోవిందు తన కొత్త బైకు ఫొటో పెడితే, “ఇందులో సూడ్డానికి ఏటుంది నాయనా?” అన్నాడు. భాస్కరరావు మాస్టారు ముచ్చటపడి తీసిన సూర్యాస్తమయానికి, “పోటు అయిపోనాది మాస్టారూ, ఇక్కడింకేటీ మిగల్నేదు,” అన్నాడు. మాస్టారు రెండ్రోజులు అలిగి, మూడోరోజు తన ఫొటో తనే మళ్లీ చూసుకుని, “నిజమే, ఏమీ మిగల్లేదు,” అని రాశారు. పెద్దమనిషి, ఒప్పుకున్నారు.

అక్కణ్ణుంచి గ్రూపు తీరే మారింది. ఎవరైనా సూపర్ అంటే ‘క్యోఁ సూపర్? ఎందుకు సూపర్?’ అని అడిగేవాళ్లు తయారయ్యారు. పక్కకి జరుగు దీదీ, ఇంకో గంట ఆగు భయ్యా అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది. తాత పాతకాలం స్టూడియో నడిపి ఉంటాడని కొందరు, సినిమాలకి పనిచేసి ఉంటాడని కొందరు అనుకున్నారు. నోరు తిరక్క పోటు అంటాడు గానీ, ఫొటో తెలిసినవాడు ఆయనే అని అందరూ ఒప్పుకున్నారు.

కిందటి నెల్లో ఆయనే చెప్పాడు. “శుక్రారం సాయంకాలం నాలుగున్నరకి వండూర్ ఎల్లమ్మా. అంతకంటే మంచి పోటు ఈ నెల్లో నీకు దొరకదు.” అమ్మడు సెలవు పెట్టి వెళ్లింది. ఆ ఫొటోకే ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. ఇప్పుడు ఒళ్లో ఉన్నది అదే.

ఫెర్రీ దిగాక జెట్టీ గోడమీద ఎండకి వెలిసిన కాగితం కనిపించింది. ‘పోటు గ్రూపులో చేరండి’ అని గోవిందు చేత్తో రాసిన నోటీసు, కింద అతని నంబరు.

“ఒత్తు ఎటు పోయింది భయ్యా? ఆ కొమ్ము ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“హిందీ మీడియం దీదీ,” అన్నాడు గోవిందు చెవి గోక్కుంటూ. “అయినా అది చూసే కదా తాత వచ్చాడు.”

ఇల్లు తేలిగ్గానే దొరికింది. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్న ముసలాయన, పేర్లు చెప్పగానే లేవబోయి మోకాళ్లు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. అమ్మడు ఫ్రేము విప్పి ఆయన చేతుల్లో పెట్టింది.

“బొమ్మ బాగుంది,” అన్నాడు తాత చాలాసేపు చూసి. “పోటూ బాగుంది.”

“మీరు లేకపోతే కెమెరా వదిలేద్దును తాతా.” అమ్మడు ఆయన కాళ్లకి దండం పెట్టింది.

“నేనే మీకు దండం ఎట్టాలమ్మా. పదేళ్లప్పుడు మా అయ్యతో భీమిలి నుంచి ఓడెక్కి వచ్చినాను. అరవయ్యేళ్లు ఇదే సూసినాను. మోకాళ్లు పోయినాక నా కొడుకులే నన్నడగడం మానేసినారు. అంతా ఫోన్లో వస్తాదంట. ఆ నోటీసు సూసి, నాకు తెలిసింది నలుగురికీ పనికొస్తాదని మనవరాలి సేత ఫోన్ సేయించినాను. మీరడిగినారు, సెప్తే ఇన్నారు. ఈ వయసులో అంతకంటే ఏటి కావాలి.”

అమ్మడు కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

“అందరూ సూపర్ అన్న ఫొటోలో లోపం మీకొక్కరికే ఎలా కనిపించింది తాతా?”

“బొమ్మలో లోపమేటి?” తాత అయోమయంగా ఫ్రేము కేసి చూశాడు, గోవిందు కేసి చూశాడు, ఎదురుగా మెట్ల దాకా వచ్చిన సముద్రం కేసి చూశాడు.

“నేను సెప్పింది ఆటుపోట్ల పోటమ్మా.”