బొజ్జయ్య పెట్టిన షరతులు

తేనెలో కలిపిన భస్మం నాలుక మీద పడగానే వెంకటనారాయణకు పొలమారింది. దగ్గుదామంటే దగ్గు రావడం లేదు. ముఖం నల్లబడి కళ్లు తేలేశాడు. భార్య హైమ అతన్ని ముందుకు వంచి వీపు మీద చరుస్తూ డాక్టరు కోసం కేకలు పెట్టింది. రెండిళ్ల అవతల ఉండే డాక్టర్ రామ్‌చందర్ పరుగున వచ్చి, నోట్లో వేలు పెట్టి ఆ ముద్ద బయటికి లాగేదాకా ఇంట్లో ఎవరి ప్రాణమూ కుదుట పడలేదు.

అది 1987 వానాకాలం. వెంకటనారాయణ గుంటూరు వైపు నుంచి వచ్చి అశ్వారావుపేట దగ్గర మిరప వేసుకుంటున్న రైతు. ఏడాది కిందట కుడిచేతి పట్టు పోయింది. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. తర్వాత భుజాలు కరిగాయి, మాట ముద్దయింది. హైదరాబాదు డాక్టర్లు మోటార్ న్యూరాన్ జబ్బన్నారు. దానికి మందు లేదన్న మాట మాత్రం హైమకు ఒక్కదానికే చెప్పారు. ఆమె భర్తకు నరాల బలహీనత అని చెప్పి, కేరళ తైలాల నుంచి హోమియో మాత్రల దాకా అన్నీ వాడించింది. ఈ భస్మం ఐదోది.

రామ్‌చందర్ ఆమెను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని, తెలివి మాత్రం అలాగే ఉంటుందని, మింగే బలం తగ్గుతోంది కాబట్టి ఇలాంటివి నోట్లో పోస్తే ప్రాణానికే ముప్పని అన్నాడు.

"తినిపించే పద్ధతి ఒకటుందమ్మా, కూర్చోండి చెబుతాను."

హైమ కూర్చోలేదు. "నయం కాదనే మనిషి చెప్పే పద్ధతులు నాకెందుకండీ? ఆ మాట ఆయన చెవిన పడిందంటే ఆ రోజే పోతారు. ఇంక మీరు మా ఇంటికి రావద్దు."

డాక్టరు బ్యాగు తెచ్చుకోవడానికి వెంకటనారాయణ ఉన్న గదిలోకి వెళ్లాడు. కొంచెం ఆలస్యంగా బయటికి వచ్చి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారం వెంకటనారాయణ రాములవారిని చూసొస్తానని మొండికేశాడు. కాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అతన్ని కండక్టరుకు అప్పజెప్పి భద్రాచలం బస్సెక్కించిందే గాని, పొద్దుగూకి తిరిగొచ్చేదాకా హైమ గుమ్మంలోనే నిలబడింది.

ఇంకో నెలకు అతనే అన్నాడు, అడవిలో బొజ్జయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడట, బస్సులో ఎవరో చెప్పారని. అంతవరకు ఏ మందూ తనంత తాను అడగని మనిషి. ఆ ఒక్క మాటతో హైమకు ఎక్కడ లేని సత్తువ వచ్చింది.

అడవి దారిలో, అప్పటి వానలకు నడుం లోతున పొంగిన వాగు. గోప్యా అనే పాలేరు వెంకటనారాయణను వీపున వేసుకుని దాటించాడు. నడిమధ్యలో అతని కాలు జారినప్పుడు హైమ ఇద్దరినీ పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కింది.

బొజ్జయ్య విరిగిన ఎముకలు కట్టే కోయ పెద్ద. నాడి చూడలేదు, జబ్బు ఎప్పుడు మొదలైందని అడగలేదు. వెంకటనారాయణ ముఖంలోకి కాసేపు చూసి, హైమ వైపు తిరిగాడు.

"నా నూనె పని చెయ్యాలంటే ఇంకెవల మందూ లోపలికి పోవద్దు. ఒక్క చుక్క పోయినా మళ్ల నా గుడిసెకు రావద్దు."

షరతులు చాలానే పెట్టాడు. మెత్తగా, చిక్కగా ఉన్నదే తినిపించాలి. నిటారుగా కూర్చోబెట్టి, ప్రతి ముద్దకూ గడ్డం రొమ్ముకు ఆనించి మింగించాలి. తింటుంటే మాట్లాడించకూడదు. తిన్నాక గంటసేపు పడుకోబెట్టకూడదు. పడుకున్నా తల ఎత్తుగా ఉండాలి. పొద్దున్నే నూనె రాసి ప్రతి కీలూ వంచి చాపాలి. సాయంత్రాలు నలుగురిలో కూర్చోబెట్టాలి.

"తగ్గుతుందా?" అని అడిగింది హైమ.

బొజ్జయ్య నేల చూపులు చూశాడు. "నువ్వు నేను చెప్పినట్టు చెయ్. మనిషి సుఖపడ్తడు."

హైమ అక్షరం తప్పలేదు. ముద్ద గొంతు దిగేదాకా తన ఊపిరి బిగబట్టుకునేది. ఒక్కసారే తడబడింది. ఆమె అన్న పిచ్చయ్య, మూడు డోసుల్లో లేపి నడిపిస్తుందంటూ ఎక్కడి నుంచో లేహ్యం తెచ్చాడు. అప్పటికి వెంకటనారాయణకు మాట పూర్తిగా పోయింది. హైమ చెంచా పెదవుల దాకా తెచ్చింది. అతను పళ్లు బిగించి, కన్నీళ్లు కారుతున్నా నోరు తెరవలేదు. బొజ్జయ్య మీద అతనికున్న నమ్మకానికి సిగ్గుపడి, ఆమె ఆ డబ్బాను పెంట మీదికి విసిరేసింది.

కాళ్లు కూడా పోయాయి. అయినా వెంకటనారాయణ మరో రెండున్నరేళ్లు బతికాడు. ఒక్క పూటా పొలమారలేదు, ఒంటి మీద పుండు పడలేదు. సాయంత్రాలు అరుగు మీద పేకాట చూస్తూ కళ్లతోనే నవ్వేవాడు. ఒక ఉదయం ఎత్తు దిండ్ల మీద, హైమ చెయ్యి అతని గుండె మీద ఉండగానే, నిద్రలో వెళ్లిపోయాడు.

దినాలయ్యాక హైమ కొత్త పంచె పట్టుకుని వాగు దాటింది. డాక్టర్లు వదిలేసిన మనిషిని నువ్వు ఇన్నాళ్లు కాపాడావని, ఈ జబ్బు ఇంకెవరికి వచ్చినా నీ దగ్గరికే పంపుతానని చెప్పి, ఆ పంచె బొజ్జయ్య చేతిలో పెట్టబోయింది.

బొజ్జయ్య తీసుకోలేదు. "వద్దమ్మా. దీనికి నా దగ్గర మందు లేదు. నేనిచ్చింది ఉత్త ఇప్పనూనె. ఒళ్లునొప్పులకు మేం రాసుకునేదే."

హైమకు అర్థం కాలేదు. "మరి ఆ షరతులు?"

బొజ్జయ్య ఆ పంచెను ఆమె చేతికే మళ్లించాడు.

"నువ్వు రాకముందే మీ ఆయన ఒక్కడే వచ్చి, డాక్టరు చెప్పినయన్నీ నాకు నేర్పిపోయిండమ్మా."