పెద్దావిడ ముస్తాబు

ఆదివారం పూట అతన్ని చూడాలంటే కాళ్లే దిక్కు. మిగతా మనిషంతా జీపు కింద ఉంటాడు.

జీపు అతనికన్నా పదేళ్లు పెద్దది. పాత ఇనప సామాన్ల కొట్టు వెనక తుప్పుపట్టి పడి ఉంటే మోజుపడి, తాళ్లు కట్టి లాక్కొచ్చి, తాము అద్దెకుంటున్న కింది వాటా పక్క షెడ్డులో పెట్టాడు. భార్య దానికి ‘పెద్దావిడ’ అని పేరు పెట్టింది.

“పెద్దావిడ సేవ అయిందా? అయితే చేతులు కడుక్కొచ్చి పిల్లని ఎత్తుకోండి.”

పిల్లకి ఇంకా ఏడాది నిండలేదు. మొదటి మాట ‘నాన్న’ అంటుందని అతను చెవులు రిక్కించుకుని కూర్చుంటే, ‘డుర్ర్’ అంది.

అతని కోరిక ఒక్కటే. పాత జీపుల వాళ్లంతా ఏటా వానలకి ముందు వరస కట్టి కొండెక్కుతారు. దారనేది ఉండదు, అన్నీ బండలే. ఈసారి ఆ వరసలో తన జీపు ఉండాలి.

భార్య ససేమిరా అంది. కిందటేడు ఆ కొండ మీదే ఒకాయన జీపు పల్టీ కొట్టింది. ఆయన ఇప్పటికీ మంచం దిగలేదు.

“మీకేమన్నా అయితే నేనూ ఈ పసిదీ ఏమైపోవాలి?”

వారం రోజులు మాటలు మానేసింది. కూరల్లో ఉప్పు మానేసింది. అతను కిక్కురుమనకుండా తినేసి జీపు కిందికి దూరిపోయాడు.

తర్వాత ఏమైందో ఏమో, ఒకరోజు పిల్లని చంకనేసుకుని షెడ్డులోకి వచ్చింది. జీపుని ఎగాదిగా చూసింది.

“మీరెలాగూ ఆగే మనిషి కాదు. బండైనా గట్టిగా ఉండొద్దూ? ఇవేం చక్రాలు, ఆటబొమ్మకున్నట్టు. రాళ్లకి దీని పొట్ట గీసుకుపోదా?”

ఆ నెల్లోనే పెద్ద టైర్లు వచ్చాయి.

“స్ప్రింగులు కూడా పెంచితే ఇంకా పైకి లేస్తుందటగా?” అంది ఇంకో ఆదివారం. పెంచాడు.

“పల్టీ కొడితే తలకి అడ్డం ఏదీ? ఇనప గొట్టాలతో పంజరంలా కట్టిస్తారట. మీరసలే పొడుగు మనిషి. కాస్త పైకి కట్టించండి.”

వెల్డింగు మేస్త్రీ షెడ్డుకే వచ్చి, పంజరాన్ని ఛాసిస్‌కి అతికించి వెళ్లాడు.

అతను స్నేహితుడికి ఫోన్ చేసి గొప్పలు పోయాడు. “మీ ఇంట్లో నస, మా ఇంట్లో సలహాలు. పెట్టి పుట్టాలి రా.”

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. ఇంజన్లో వెంట్రుకంత సందు తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్లీ బిగించేవాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే భార్య టిఫిన్ డబ్బా సర్దింది, ఫ్లాస్కులో టీ పోసింది. పిల్ల చేత టాటా చెప్పించింది. అతను తాళం తిప్పాడు. పెద్దావిడ రెండు దగ్గులు దగ్గి, గొంతు సవరించుకుని అందుకుంది. గేరు వేశాడు. నాలుగడుగులు కదిలి, ఠంగుమని ఆగింది.

పంజరం వెళ్లి షెడ్డు గుమ్మం మీది దూలానికి కొట్టుకుంది.

టైర్లలో గాలి తీసేశాడు. ఇంకా జానెడు అడ్డం. దూలం కొట్టేద్దామంటే దాని మీద ఇంటి ఓనరు పడగ్గది. పంజరం కోసి, స్ప్రింగులు దింపాలంటే నెల పని. ఈలోగా వానలు దిగుతాయి. కొండ మళ్లీ వచ్చే ఏడాదికే.

ఫోన్ మోగింది. “అందరం వచ్చేశాం. ఎక్కడున్నావ్ రా?”

“షెడ్డులో,” అని పెట్టేశాడు.

“అయ్యో, ఎంత పనైంది,” అంది భార్య.

అతను బంపరు మీద కూలబడ్డాడు. చాలాసేపు దూలం వంకే చూశాడు.

“ఆ టేపు ఇలా ఇవ్వు. అసలీ గుమ్మం ఎత్తెంతో చూస్తాను.”

“ఆరడుగుల నాలుగంగుళాలండీ,” అంది ఆమె పిల్ల మూతి తుడుస్తూ, “పెద్ద టైర్ల మాట ఎత్తక ముందే కొలిచాను.”