మల్లి పెరట్లో గవ్వ

సత్యవేణి ఇంటి పెరట్లో మల్లి అనే ముసలి కుక్క ఉండేది. దిక్కులేని కుక్కలు కనబడితే సత్యవేణి ఇంటికి తెచ్చి సాకేది. ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చి పంపేది. అలా ఒకరోజు గవ్వ వచ్చింది. ఎవరి చేతుల్లోనో బాగా దెబ్బలు తిన్న కుక్క అది. వస్తూనే బట్టలుతికే బండ వెనక దూరి, రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"నీకెందుకక్కా ఈ తలనొప్పి? వస్తాయి, నీ గోనెసంచి మీద పడుకుంటాయి, నీ అన్నం తింటాయి, పోతాయి," అంది గింజలేరుకుంటున్న కోడిపెట్ట, బండ వైపే చూస్తున్న మల్లితో.

మల్లికీ అది నిజమే అనిపించింది. అయినా లేచి వెళ్ళి, సత్యవేణి చేతిలోని పెరుగన్నం గవ్వకు కనబడేలా రెండు ముద్దలు తింది. తరవాత పక్కకు జరిగి, "ఈ చెయ్యి కొట్టదు. వచ్చి తిను," అంది.

చాలాసేపటికి గవ్వ పాక్కుంటూ వచ్చి తింది.

రెండు నెలల్లో గవ్వ తేరుకుంది. ఒక పంతులమ్మ, ఆమె కూతురు వచ్చి పెంచుకుంటామన్నారు. గవ్వ తోక ఊపుకుంటూ ఆ పిల్ల వెంట గేటు దాటి, సందు మలుపు తిరిగిపోయింది.

"చూశావా, నీ వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు," అంది పెట్ట.

మల్లికీ దిగులుగానే ఉంది.

"ఇక్కడికొచ్చిన రోజు, వెనక నుంచి ఎవరు కొడతారోనని అడుగుకోసారి తిరిగి చూసుకుంటూ నడిచిందే అది," అంది. "ఇవాళ చూడకుండా వెళ్ళింది. నాకది చాలు."